తేలూరు జరిగిన వారం

నమోదు 1
సోమవారం. ఒడ్డు రేవు నుంచి పడవ ప్రయాణం: 46 నిమిషాలు

సంక్షోభం వచ్చిందన్న అనుమానం కలిగిన రోజు నుంచి సమాచార అధికారి రోజూ నమోదు రాయాలని మా సంస్థ నియమం. ఆ నియమం పెట్టింది నేనే. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని పాటించే అవసరం రాలేదు. తేలూరు పర్యాటక సంస్థలో సంక్షోభం రావాలంటే ముందు డైరెక్టరుగారి అనుమతి కావాలి. ఆయన ఇవ్వరు.

నా పేరు పైల సువర్చల. పర్యాటకులకు ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో, ఏ గొంతుతో చెప్పాలో చూడడం నా ఉద్యోగం. సగం రోజు ఒకే జవాబుతో గడిచిపోతుంది: లేదండీ, తేలూరులో తేళ్లు ఉండవు, ఊరు నీళ్ల మీద తేలుతుంది కనక ఆ పేరు పెట్టారు. మిగతా సగం రోజు ఫిర్యాదులు.

ఇవాళ తొమ్మిదింటికి వచ్చిన ఫిర్యాదు సూర్యుడి మీద.

తెచ్చినవారు పెండ్యాల ఐలయ్యగారు. హనుమకొండలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. సముద్రం మీద సూర్యోదయం చూడాలని ఎన్నో ఏళ్లు అనుకుని, చివరికి మా తూర్పు వీధిలో ‘సూర్యోదయ గది’ తీసుకున్నారు. నా బల్ల ముందు నిలబడి, హోంవర్కు చేయని పిల్లను చూసినట్టు నన్ను చూశారు.

“శుక్రవారం నాడు కిటికీ నడిమిట్ల పొడిసిండు మేడం. శనివారం జర పక్కకు జరిగిండు. ఇయ్యాల గోడెనకకు పోయిండు. నేనొచ్చింది సూర్యుని సూడనీకె, గోడను సూడనీకె గాదు.”

దక్షిణాయనం కదండీ, సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు అని నా మామూలు గొంతుతో చెప్పాను. ఆయన జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. అందులో కిటికీ చట్రం, గోడ, సూర్యుడు, కొలిచిన కోణాలు ఉన్నాయి. మూడు రోజుల్లో పదకొండు డిగ్రీలు. దక్షిణాయనంలో సూర్యుడు మూడు రోజులకు ఒక్క డిగ్రీ అయినా జరగడనీ, ఈ సంగతి ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుసనీ అన్నారు. గది మారుస్తానన్నాను. గది వద్దు, కారణం కావాలన్నారు.

ఆయన వెళ్లాక పడవ సరంగు పంపిన చీటీ వచ్చింది. నాలుగు రోజులుగా రేవు నుంచి తేలూరుకు రావడం ఆలస్యమవుతోందనీ, ఇంజన్లు బాగానే ఉన్నాయనీ, తననేమీ అనవద్దనీ రాశాడు. ఎప్పుడూ నలభై నిమిషాలు పట్టే ప్రయాణం నలభై ఆరయింది.

రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. సూర్యుడు అంత జరగడు. రేవు అసలే జరగదు. ఇక మిగిలింది మేమే.

నమోదు 2
మంగళవారం. పడవ ప్రయాణం: 57 నిమిషాలు

తేలూరుకు వచ్చినవాళ్లంతా సముద్రాన్ని చూస్తారు. ఊరి అడుగుభాగాన్ని చూసేది నజీమా ఒక్కతే. ఆమె మా ఇంజనీరు, నాకు స్నేహితురాలు. నిన్న సాయంత్రం నా రెండు కాగితాలు చూసింది. ఇవాళ పొద్దున్నే నీళ్లలో దిగింది. గంటన్నర తర్వాత పైకొచ్చి, అరచేతిలో జానెడు పొడవున్న పచ్చటి పోగు ఒకటి చూపించింది.

“ఇదీ ఇప్పుడు మనల్ని పట్టుకుని ఉన్నది” అంది.

పాత తీరాన్ని సముద్రం తీసుకున్నాక, ఇళ్లు పోయిన నాలుగు వేల మంది కోసం బోలురాతి దిమ్మల మీద కట్టిన ఊరు ఇది. పర్యాటకులు తర్వాత వచ్చారు. ఇనుప గొలుసులైతే తుప్పు పడతాయని ఊరికి లంగరుగా పట్టునాచు పెంచారు. అది ప్రయోగశాలలో పుట్టిన సముద్రపు మొక్క. ఒక కొస ఊరి అడుగుకూ రెండో కొస సముద్రపు నేలకూ అంటుకుని తాటిమాను లావున పెరిగింది. ఎన్నో తుఫానులు వచ్చాయి, ఒక్కటీ తెగలేదు.

ఇప్పుడు తెగిందా అని అడిగాను.

“తెగలేదే. వదిలేసింది. కాపుకొచ్చింది సువర్చలా. గింజ రాల్చే ముందు పట్టు వదుల్తుందని ఎవరికి తెలుసు? పన్నెండేళ్ల నాచుని ఇదివరకు ఎవరూ చూళ్లేదు. ముందు ఉత్తరం పక్క వదిలింది, అందుకే ఊరు తిరిగింది. మిగతావీ రాలిపోయాయి. ఊరి అడుగున కొత్త మొలకలొచ్చాయి గానీ ఇంతే ఉన్నాయి.” మళ్లీ ఆ జానెడు పోగు చూపించింది. మా కింద సముద్రం ముప్పై తాటిచెట్ల లోతు.

కార్తీకమాసపు ప్రవాహం మమ్మల్ని దక్షిణానికి లాగుతోంది. ఇలాగే సాగితే ఆదివారం నడిసంద్రపు పాయలో, అంటే లోపలి సముద్రానికి ఈడ్చుకుపోయే పెద్ద ప్రవాహంలో, పడతామని నజీమా లెక్క. ఆ పాయ జోరుకు ఎదురుగా మా ఊరిలాంటిదాన్ని వెనక్కి లాగగలిగే ఓడ ఒకటే ఉంది. అది రావడానికి తొమ్మిది రోజులు పడుతుంది.

ఇద్దరం డైరెక్టరుగారి దగ్గరకు వెళ్లాం. దామెర విరూపాక్షంగారికి అరవై దగ్గర పడ్డాయి. పర్యాటక రంగంలో ఇరవై రెండేళ్ల అనుభవం, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. అంతా విని, ఇంకెవరికి తెలుసని అడిగారు. ఒక లెక్కల మాస్టారికి అనుమానంగా ఉందన్నాను. ఆయన మా సంక్షోభ సమాచార ప్రణాళికను ముందుకు లాక్కున్నారు. రెండు వందల పన్నెండు పేజీలు, ముప్పై ఏడు సంక్షోభాలు. తుఫాను ఉంది, జెల్లిచేపల గుంపు ఉంది, విందులో కల్తీ ఉంది, ‘ప్రముఖుడు నీటిలో పడుట’ ఉంది, ‘ప్రముఖుడిని ఎవరో నీటిలోకి తోయుట’ విడిగా ఉంది. ఊరే వెళ్లిపోవడం మాత్రం లేదు.

ప్రణాళికలో లేదు కాబట్టి ఇంకా సంక్షోభం కాదు, పరిస్థితి అదుపులో ఉంది అన్నారు. ఆ వాక్యం కూడా నేను రాసిందే. ముప్పై ఏడు సంక్షోభాలకూ అదే మొదటి వాక్యం.

నమోదు 3
బుధవారం. పడవ ప్రయాణం: 74 నిమిషాలు

ఇవాళ నేను చేసిన పనులు. నమోదు నిజాయితీగా ఉండాలని నియమం కనక రాస్తున్నాను.

పడవలో అందరికీ ఉచితంగా చెరకురసం పోయించాను, ప్రయాణం పొడుగు తెలియకుండా. రెండో గ్లాసు తర్వాత జనం గడియారం చూడడం మానేశారు, మరుగుదొడ్డి కోసం చూడడం మొదలుపెట్టారు. తూర్పు వీధిలో ‘సూర్యోదయ గది’ అన్న పలకలు తీయించి ‘ఆశ్చర్య గది’ అని పెట్టించాను. సూర్యుడు ఏ గదిలోంచి కనిపిస్తే ఆ గదివాళ్లకు అదృష్టమని ప్రకటించాను. పడమటి వీధిలో ఒక కొత్త జంటకు బాత్‌రూం కిటికీలోంచి సూర్యోదయం కనిపించిందట. చాలా సంతోషించారు.

ఐలయ్యగారు మాత్రం సంతోషించలేదు. కొత్త పలక చదివి, నా వైపు చూసి, “తప్పు లెక్కకు రంగు పూస్తె ఒప్పయితదా మేడం?” అని మాత్రం అడిగి వెళ్లిపోయారు. ఆయన అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మధ్యాహ్నం నజీమా తన ఆలోచన చెప్పింది. లేత నాచు జానెడే ఉన్నా, దానికి రాయి తగిలితే ఆరు గంటల్లో పట్టేస్తుంది. ఊరి అడుగుకు తగిలేంత ఎత్తుగా సముద్రంలో ఎక్కడైనా రాయి ఉండాలి. మా పటాలన్నీ సముద్రం పెరగక ముందువి, వాటిలో అలాంటిది కనిపించలేదు. తెలిస్తే చేపలవాళ్లకే తెలియాలి.

చేపలవాళ్లంటే పీతలపేటవాళ్లు. మా ‘దృశ్య పరిరక్షణ’ నియమం ప్రకారం వాళ్ల పడవలు తేలూరు కనుచూపు మేరలోకి రాకూడదు. వస్తే మా గోపురం మీది బూరా మోగిస్తాం. కరపత్రంలో ‘మచ్చలేని సముద్రం’ అని రాసింది కూడా నేనే. ఆ మచ్చలు వాళ్లే.

నమోదు 4
గురువారం. పడవ ప్రయాణం: 95 నిమిషాలు

డైరెక్టరుగారికి చెప్పకుండా నజీమా చిన్న పడవలో పీతలపేట వెళ్లాం. వెతుక్కోవలసిన పని లేకపోయింది. మా ఊరే వాళ్ల ఊరి ఎదురుగా వచ్చేసింది. అక్కడ రేవు లేదు, ఒడ్డు అలల్లో మా పెద్ద పడవలు ఆగవు.

పీతలపేటలో పడవల పెద్ద ఒక ఆవిడ. సూరాడ దానమ్మ, డెబ్బై ఏళ్ల మనిషి. ఇసకలో కూర్చుని చిరిగిన వల బాగుచేస్తోంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు మమ్మల్ని చూడగానే ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వు దాచుకున్నారు. దానమ్మ వేళ్లతో రోజులు లెక్కపెట్టి, పక్కావిడ వైపు చెయ్యి చాపింది. ఆవిడ ఉస్సురంటూ ఒక ఎండుచేపల బుట్ట ముందుకు తోసింది.

“నాలుగు దినాలనించి సూస్తన్నాం పాపా, మీ ఊరు నడిసెల్లిపోతంది” అంది దానమ్మ. “మీకెప్పుడు తెలుస్తదో అని పందెం కట్టుకున్నాం. ఈలంతా ఆదోరం అన్నారు. నాను బేస్తవారం అన్నాను.”

తెలిసీ ఎందుకు చెప్పలేదని నజీమా అడిగింది.

“సెప్దావనే ఒచ్చినాం. బూరా మోగించినారు. ఎనక్కి తిరిగొచ్చేసినాం.”

ఇద్దరం తల దించుకున్నాం. నజీమా వచ్చిన పని చెప్పింది. దానమ్మ వల పక్కన పెట్టి శ్రద్ధగా వింది. తర్వాత ఇసకలో వేలితో గీతలు గీసింది. పీతలపేటకు ఆగ్నేయంగా, నీళ్లలో కనపడని ఒక రాతి గుట్ట ఉంది. వాళ్ల తాతల కాలం నుంచీ వలలు చింపుతోంది కనక ‘వలమింగుడు’ అంటారు. దాని నెత్తిన నాలుగు బారల నీళ్లే. మా ఊరి అడుగు మూడున్నర బారల లోతున ఉంటుంది. మిగిలిన అర బార కోసం నజీమా అక్కడే కాగితం తీసి లెక్కలు వేసింది. మంచినీటి తొట్లన్నీ పడమటికి జరిపి, ఊళ్లో ఉన్న జనమంతా పడమటి వీధిలో ఆరు గంటలు కదలకుండా ఉంటే, ఆ అంచు కుంగి నాచు రాతికి తగులుతుంది. శనివారం పొద్దున్న నీటి లాగుడు తగ్గుతుందనీ, అప్పుడైతే అరవై పడవలు కలిసి మా ఊరిని లాగగలవనీ దానమ్మ అంది.

లాగుతారా అని అడిగాను. ఆవిడ రవిక లోంచి నాలుగు మడతల కాగితం తీసింది. మా కరపత్రం.

“ఇది నువ్వే రాసినావా?”

“నేనే రాశానమ్మా.”

“నాకు సదువు రాదు. మా మనవరాలు సదివి సెప్పింది. మచ్చనేని సముద్రం. మరి మచ్చలొచ్చి లాగితే మీ ఊరు మాసిపోదేటి?”

నా దగ్గర ముప్పై ఏడు సంక్షోభాలకు జవాబులున్నాయి. దీనికి లేదు. తప్పు రాశానని మాత్రం అన్నాను. అది తనకు కాదు, మీ ఊరి మైకులో మీ జనానికి చెప్పాలంది. అదొక షరతు. రెండోది, ఆ బూరా తనకిచ్చెయ్యాలి. ఎందుకని అడిగితే, అరవై పడవలకి కేకేసి చెప్పే వయసు తనకి దాటిపోయిందంది.

నమోదు 5
శుక్రవారం. పడవ ప్రయాణం: 2 గంటలు

పొద్దున డైరెక్టరుగారికి అంతా చెప్పాం. వలమింగుడు దాకా ఒప్పుకున్నారు. పడవలకు ఒప్పుకున్నారు. జనానికి చెప్పడం దగ్గర ఆగిపోయారు. రేపు పడమటి వీధిలో ‘బజ్జీల పండుగ’ పెడదాం, అందరూ వాళ్లంతట వాళ్లే వస్తారన్నారు. బజ్జీలు అయిపోయాక ఏం చేస్తామని అడిగాను. జిలేబీ అన్నారు. జిలేబీ తర్వాత? కిందనుంచి రాయి గీసుకుంటున్న చప్పుడు వచ్చినప్పుడు? మోసపోయినవాడు మొదటి చప్పుడికే లేచిపోతాడు సర్ అన్నాను. తెలిసి కూర్చున్నవాడే కూర్చుంటాడు.

ఆయన నజీమాను బయటికి పంపి, నేను ఎన్నడూ వినని సంగతి చెప్పారు. పాత తీరంలో సముద్రం మొదటిసారి ఊళ్లోకి వచ్చిన రోజు ఆయనకు పంతొమ్మిదేళ్లు. మైకులో నిజమే చెప్పారు. జనమంతా ఒకే వంతెన మీదికి ఉరికారు. నీళ్లు ఆ వంతెన దాకా రానే లేదు. ఆయన అన్నయ్య తొక్కిసలాటలో పోయాడు.

“నిజం చెప్పిన మైకే మా అన్నయ్యని చంపింది సువర్చలా. మనకున్నవి మూడు పడవలు. ఉన్నది ఏడు వేలమంది.”

మైకులో ఏం చెప్పారు సర్ అని అడిగాను.

“నీళ్లొస్తున్నాయి, పరుగెత్తండి అన్నారు.”

“ఎటు అని చెప్పారా?”

ఆయన కిటికీ వైపు తిరిగారు. “చెప్పలేదు” అన్నారు.

తర్వాత లేచి, ప్రకటన మీద తాను సంతకం పెట్టననీ, అరగంట క్యాంటీన్‌కు వెళ్లి టీ తాగి వస్తాననీ చెప్పి వెళ్లిపోయారు. మైకు గది తాళం బల్ల మీద వదిలేశారు. ఈ పన్నెండేళ్లలో ఆయన టీ తాగగా నేను చూడలేదు.

పది గంటలకు చదివిన ప్రకటన ఇది:

“తేలూరు వాసులకు, అతిథులకు. నా పేరు సువర్చల. మన ఊరు కదులుతోంది. ఊరిని నేలకు పట్టి ఉంచే నాచు పట్టు వదిలింది. మాకు మంగళవారమే తెలిసింది. మీకు చెప్పకపోవడం తప్పు. ఊరు మునగడం లేదు. ఆదివారం లోపల ఆపకపోతే నడిసంద్రపు పాయలో పడుతుంది, ఆ తర్వాత ఏమవుతుందో మాకు తెలియదు. రేపు పొద్దున పీతలపేట పడవలు మనల్ని ఒక రాతి గుట్ట మీదకు లాగుతాయి. పిల్లలు, గర్భిణులు, జబ్బుగా ఉన్నవాళ్లు, ఒక్కొక్కరికి ఒక తోడు, ఇవాళ పడవల్లో వెళ్తారు. మిగతావాళ్లు ఊరి రేవుకు రావద్దు. రేపు పది గంటలకు పడమటి వీధికి రావాలి. ఆరు గంటలు కూర్చోవాలి. మాకు మీ బరువు కావాలి. గంటగంటకూ మళ్లీ మాట్లాడతాను. కొత్త సంగతి లేకపోతే లేదనే చెబుతాను.”

ఏ పర్యాటక సంస్థా అతిథుల బరువును ఇంత గౌరవంగా అడిగి ఉండదు.

రావద్దన్నా మూడు నాలుగు వందలమంది రేవుకు వచ్చారు. తోపులాట మొదలైంది. నేను పరుగున వెళ్లేసరికి ఐలయ్యగారు రేవు గోడ ఎక్కి, బొగ్గుముక్కతో గోడ మీద లెక్క రాస్తున్నారు. పడవకు నూట యాభై మంది, పడవలు మూడు, పోయి రావడానికి నాలుగు గంటలు. ఏడు వేలమందికి అరవై రెండు గంటలు. ఆదివారం పొద్దుటికి ఉన్నది నలభై ఎనిమిది.

“ఉరికినా లెక్క మారది, నడిసినా మారది” అన్నారు, గొంతు పెంచకుండానే. “పడవలు మూడే. పోరగాండ్లు ముందుగాల పోతరు. మనం రేపు కూసుంటం. ఎవ్వలికన్న లెక్క తప్పనిపిస్తె వచ్చి దిద్దుండ్రి.”

ఒకాయన నిజంగానే వచ్చి గుణకారం సరిచూశాడు. సరిపోయింది. తోపులాట వరస అయింది. మధ్యాహ్నం దాకా కొందరు నన్ను తిట్టారు, ఇద్దరు ఏడ్చారు, ఒకావిడ చెరకురసం గ్లాసు నా మీద పోసింది. అది నాకు తగిన శాస్తే. గంటగంటకూ మాట్లాడాను. పన్నెండు ప్రకటనల్లో ఏడింటిలో కొత్త సంగతి లేదనే చెప్పాను. విచిత్రమేమిటంటే, ఆ ఏడు విన్నాకే జనం నెమ్మదించారు.

నమోదు 6
శనివారం. పడవలు: అరవై నాలుగు

తెల్లవారగానే పీతలపేట పడవలు వచ్చాయి. రంగురంగుల పడవలు సముద్రమంతా పరుచుకున్నాయి. ముందు పడవలో దానమ్మ నిలబడి ఉంది. మా బూరా నిన్ననే ఆవిడకు పంపించాం.

మైకు తీసుకున్నాను. నిన్నటి ప్రకటనలతో గొంతు సగం పోయింది. ఇవి పీతలపేటవాళ్ల పడవలనీ, మనల్ని హెచ్చరించడానికి వస్తే బూరా మోగించి తరిమామనీ, వీళ్లను మచ్చలన్నది నేనేననీ, ఆ మాటకు సిగ్గుపడుతున్నాననీ చెప్పాను. రాసుకున్న కాగితంలో ఇంకా చాలా ఉంది. గొంతు అంతవరకే వచ్చింది. దానమ్మ బూరా ఎత్తి ఒక్కసారి ఊదింది. అరవై నాలుగు మోకులు ఒకేసారి బిగిశాయి.

మూడు గంటలు లాగారు. చూసేవాళ్లకు ఏమీ జరగనట్టే ఉంటుంది. దానమ్మ పొడుగ్గా ఊదితే ఉత్తరపు పడవలు, పొట్టిగా ఊదితే దక్షిణపు పడవలు. పదింటికి ఆవిడ చెయ్యెత్తి ఆపింది. నీళ్ల కింద ఏమీ కనపడదు. ఆవిడ చూసుకున్నది ఒడ్డునున్న ఒక తాటితోపునూ, ఒక తెల్ల డాబానూ. ఆ రెండూ ఒకే వరసలోకి వస్తే కింద వలమింగుడు ఉన్నట్టేనట.

ఊళ్లో మిగిలిన దాదాపు ఆరు వేలమందిమి పడమటి వీధిలో కూర్చున్నాం. చాపలు, దుప్పట్లు, హోటళ్ల పరుపులు. నజీమా నీళ్లలోకి దిగింది. ఊరు పడమటికి ఒరిగింది. టీ గ్లాసులు నెమ్మదిగా జారాయి, ఎవరో వదిలేసిన బంతి వీధి పొడవునా దొర్లుకుంటూ వెళ్లి సముద్రంలో పడింది. జనం నవ్వారు. ఐలయ్యగారు వాలు ఎన్ని డిగ్రీలో కొలిచి నలుగురికీ చెప్పారు.

పదిన్నరకు కిందనుంచి చప్పుడు వచ్చింది. పెద్ద తిరగలి తిరిగినట్టు రాయి మీద రాయి గరగరమంది. నేల వణికింది. నవ్వులు ఆగిపోయాయి. ఒక వరస జనం లేచి నిలబడ్డారు, నలుగురైదుగురు తూర్పు వైపు పరుగు తీశారు. నేను మైకు ఎత్తాను. నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

మైకు నా చేతిలోంచి ఎవరో తీసుకున్నారు. చూస్తే విరూపాక్షంగారు. ఆయన ముఖంలో రక్తం లేదు. లేచి నిలబడ్డవాళ్లలో ఒక హోటలు వంటావిడ గట్టిగా అడిగింది, “పడతాదా పట్టదా సార్? నిజం సెప్పండి.”

ఏ వాక్యం వస్తుందో నాకు తెలుసు. పరిస్థితి అదుపులో ఉంది.

“తెలీదమ్మా” అన్నారాయన.

ఆయన మైకు దించలేదు.

“ఇరవై రెండేళ్లలో నేనీ మాట మైకులో అనలేదు. తెలీదు. తెలిసింది ఒక్కటే. మనం లేచి తూర్పుకి పరుగెడితే మాత్రం పట్టదు. ఆ చప్పుడు రాయి తగిలిన చప్పుడు, మనం కోరుకున్నదే. ఈ సంగతి మూడు రోజులు దాచింది నేను, సువర్చల కాదు. మీరు కూర్చుంటే ఊరు ఆగచ్చు. నేను కూర్చుంటున్నాను.”

ఇస్త్రీ చొక్కాతో, మెరుగుపెట్టిన బూట్లతో, ఆ తడి రాతి నేల మీద మఠం వేసుకుని కూర్చున్నారు. వంటావిడ ఆయన్ని కాసేపు చూసి, తన చాప సగం ఆయన వైపు జరిపి, తనూ కూర్చుంది. ఆమె వెనక వరస కూర్చుంది. తూర్పుకు పరుగెత్తినవాళ్లు కాసేపటికి ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు, ఎవరి వైపూ చూడకుండా.

ఆ తర్వాత చప్పుడు మూడుసార్లు వచ్చింది. ఎవరూ లేవలేదు. రెండింటి నుంచి అదీ ఆగింది. తెల్లారకముందే లేచిన జనం, రాత్రంతా సరిగా నిద్రపోని జనం, కార్తీకమాసపు ఎండలో ఒకరి మీద ఒకరు వాలిపోవడం మొదలుపెట్టారు. మూడింటికి ఐలయ్యగారు చేతిలో కాగితంతోనే ఒరిగిపోయారు. విరూపాక్షంగారు వంటావిడ మూట తలకింద పెట్టుకుని, నోరు తెరుచుకుని గురక పెడుతున్నారు. దానమ్మ తన పడవ దిగి పైకొచ్చి, నా పక్కన గోడకు ఆనుకుని, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ సద్దన్నం తింది. నాకూ ఒక ముద్ద పెట్టింది.

నాలుగూ పదికి నజీమా నీళ్లలోంచి తల పైకెత్తింది. పెదవులు నీలంగా ఉన్నాయి. రెండు చేతులూ పైకి లేపి, పది వేళ్లనూ ఒకదానిలో ఒకటి మెలిపెట్టి చూపించింది. పట్టింది. పడమటి అంచు పొడవునా పట్టింది.

నేను ఒక్క ఉదుటున లేచాను. మైకు అందుకున్నాను. గొంతు సవరించుకుంటే కొంచెం పలికింది కూడా. పన్నెండేళ్ల ఉద్యోగంలో ఇంత మంచి ప్రకటన చేసే అవకాశం నాకు రాలేదు. మీట నొక్కబోతుంటే దానమ్మ తన అరచెయ్యి మైకుకు అడ్డం పెట్టింది.

“ఎందుకే పాపా” అంది గుసగుసగా. “పట్టింది కదా, ఎక్కడికీ పోదు. అలిసిపోయి తొంగున్నారు. లేపీకు.”

వీధి వైపు చూశాను. ఆరు వేలమంది నిద్రపోతున్నారు. ఊరు కదలడం లేదు.

సాయంత్రం 4:12. ప్రకటన: ఇవ్వలేదు. కారణం: జనం పడుకున్నారు.